చాందా మగ్గం మీద జపాను రాజుగారి బట్ట

చాందా వెళ్ళొచ్చానని చెప్పగానే మా ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, అదిప్పుడు ఏ రాష్ట్రంలో ఉంది అని. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. రాష్ట్రాల హద్దులు చెరిపి మళ్ళీ గీస్తున్న రోజులివి. చాందా నిన్నటిదాకా మధ్యప్రదేశ్‌లో ఉండేది, ఇవాళ బొంబాయి రాష్ట్రంలో ఉంది. నదికి ఇవతల ఉన్న రాజూరా మన ఆదిలాబాదు జిల్లాలోదే, అదీ అటే వెళ్ళిపోయింది. ఊళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, నేను కళ్ళారా చూసి వచ్చాను. పక్క రాష్ట్రం నేతగాడి కోసం మన శాఖ ఎందుకు ఖర్చు పెట్టాలని మా పై అధికారి ప్రయాణ భత్యం ఇవ్వనన్నారు. నా టికెట్టు నేనే కొనుక్కుని వెళ్ళాను. అయినా చెబుతున్నాను, నా నలభై ఐదేళ్ళ బతుకులో ఇంత గొప్ప ప్రయాణం ఇంకొకటి చేయలేదు.

కాజీపేట ప్లాట్‌ఫారం మీద

నాతో వచ్చినాయన పేరు మొరియామా. జపానులో క్యోటో నగరపు నేతగాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొట్టిగా ఉంటారు, ఎంత ఉక్కపోసినా కోటు గుండీ ఒక్కటీ విప్పరు. ఢిల్లీలో చేతిపనుల ప్రదర్శన ఒకటి చూడబోయి, అక్కడ ఒక దసలి పట్టు బట్ట దగ్గర ఆగిపోయారట. దానికి కట్టిన చీటీ మీద ‘పోశెట్టి, చాందా’ అని ఉంది. ఆ పోశెట్టి తెలుగువాడని తెలిసి ఢిల్లీవాళ్ళు ఆయన్ని హైదరాబాదుకు, మా పరిశ్రమల శాఖకు పంపించారు. మా శాఖ నా నెత్తిన పెట్టింది.

దసలి అంటే పట్నంవాళ్ళకు తెలియకపోవచ్చు. అది ఇంట్లో పెంచే పురుగు పట్టు కాదు. అడవిలో మద్దిచెట్ల మీద తిరిగే పురుగు కట్టిన గూటి నుంచి తీస్తారు. తేనె రంగులో ఉంటుంది, వేరే రంగు వెయ్యనక్కర్లేదు. ముట్టుకుంటే కాస్త గరుకుగా తగులుతుంది.

నన్నే ఎందుకు పంపారంటే, మా ఆఫీసు మొత్తంలో నాలుగు జపాను ముక్కలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. యుద్ధానికి ముందు రంగూన్లో ఒక కలప డిపోలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. జపాను సైన్యం దిగాక తప్పించుకుని రావడం కుదరక మూడేళ్ళు వాళ్ళ కిందే పనిచేశాను. ఆ మూడేళ్ళలో ఒంటబట్టిన భాష మర్యాదస్తులు మాట్లాడేది కాదని కాజీపేటలోనే తేలిపోయింది. రైలు కదలబోతుంటే మొరియామా గారు ఇంకా మెట్టు దగ్గరే నిలబడి ఉన్నారు. కంగారులో నాకు వచ్చిన జపానులో గట్టిగా అరిచాను. ఆయన ఒక్క గెంతులో పెట్టెలోకి వచ్చి, అటెన్షన్లో నిలబడ్డారు. పెట్టెలోవాళ్ళంతా నవ్వారు. తర్వాత ఆయన మెల్లిగా, ఈ భాష ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. రంగూన్లో అని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి, తన తమ్ముడు కూడా ఆ సైన్యంలోనే ఉన్నాడని, తిరిగి రాలేదని చెప్పారు.

నా మనసులో ఉన్నది నేను చెప్పలేదు. రంగూన్లో ఒక కాపలా సిపాయికి తల వంచకుండా దాటిపోయానని నన్ను నడివీధిలో చెంప మీద కొట్టారు. పదిహేనేళ్ళు గడిచినా ఆ దెబ్బ నాకు ఇంకా మండుతూనే ఉంది. ఈ పనికి ఒప్పుకునేటప్పుడు మా ఆవిడ అడగనే అడిగింది, ఆ జాతి మనిషితో ఎలా తిరుగుతారని. ఉద్యోగం కదా అన్నాను. మనస్ఫూర్తిగా అన్న మాట కాదది.

బల్లార్షా దాకా

సిర్పూరు దాటాక రెండు పక్కలా అడవే. మధ్యాహ్నం దాటింది, రైల్లో జనం పల్చబడ్డారు. మొరియామా గారు నా భాషకు అలవాటు పడ్డారు, నేను ఆయన నెమ్మదికి అలవాటు పడ్డాను. అప్పుడు చెప్పారు వాళ్ళ నాన్న సంగతి.

వాళ్ళ నాన్నకు జపాను రాజుగారి ఇంటి కళాకారుడనే పదవి ఉండేదట. చిత్రకారులు, లక్కపని వాళ్ళు, కుమ్మరులు, కత్తులు చేసేవాళ్ళు, నేతగాళ్ళు, ఇలా ఏరిన కొద్దిమందికే ఆ పదవి. ఏటేటా కొంత భత్యం వచ్చేది. అది పెద్ద మొత్తమేమీ కాదట. “డబ్బు కాదు, మాకు రాజుగారు ఇచ్చింది తీరిక” అన్నారాయన. వందల ఏళ్ళనాటి బట్ట ముక్క ఒకటి రాజుగారి భాండాగారంలో చివికిపోతుంటే, దానికి నకలు నేయమని వాళ్ళ నాన్నకు అప్పగించారట. నాలుగేళ్ళు పట్టింది. అందులో మొదటి ఏడాదంతా మగ్గం ఎక్కనే లేదు. భూతద్దం పెట్టుకుని ఆ ముక్కలో పోగులు లెక్కపెడుతూనే ఉన్నారు. అప్పటికి కొత్తగా పెళ్ళైన మొరియామా గారు పక్కన కూర్చుని, తండ్రి చెప్పిన లెక్క గళ్ళకాగితం మీద ఎక్కించేవారు. ఎంతవరకు వచ్చిందని అంతఃపురం నుంచి ఒక్కరూ అడగలేదట.

మన ఆఫీసుల్లో ఎవరికైనా ఏడాదిపాటు దారాలు లెక్కపెట్టుకో అని జీతమిస్తే ఏమవుతుందో ఊహించుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

యుద్ధం అయ్యాక ఆ పదవులు పోయాయి. రాజుగారి డబ్బు పెట్టె చిన్నదైంది. వాళ్ళింట్లో ఎనిమిది మగ్గాలుండేవి, రెండు మిగిలాయి. ఇప్పుడు భాండాగారంవాళ్ళు పాత పరిచయం మీద చిన్న పని ఒకటి ఇచ్చారు. లోపల దాచే వస్తువులను చుట్టిపెట్టడానికి అడవి పట్టు బట్టలు కావాలి. అక్కడ అడవి పట్టు దొరకడం కష్టమైపోయింది. పోశెట్టి బట్ట దారమూ, దాని అంచూ ఆయనకు బాగా నచ్చాయి. అచ్చం అలాంటిదే నేసి ఇవ్వగలిగితే పోశెట్టికి రెండేళ్ళ పని ఖాయమన్నారు.

ఈ సంగతి పోశెట్టికి ముందే తెలుసని నేను అనుకున్నాను, ఎందుకంటే ఉత్తరం రాసింది నేనే. పదిహేను రోజుల ముందే రాశాను. ‘జపాను మహారాజుగారి ఆస్థాన నేతగాడు తమ గృహమునకు స్వయముగా విచ్చేసి తమ వస్త్రమును పరికించి స్వీకరించగలరు’ అని, నాకున్న గ్రాంథికమంతా దిగ్గొట్టాను. చాలా బాగా వచ్చిందని మా ఆవిడకు చదివి కూడా వినిపించాను.

బల్లార్షాలో కాగితం మిల్లు వాసన రైలు ఆగకముందే లోపలికి వచ్చింది. టీ తాగాం. కొత్త నాణేలు వచ్చినప్పటి నుంచీ టీలవాళ్ళకు పండగే. అణా అంటే ఆరు నయాపైసలే అని నేనంటాను, ఏడు అని టీ అమ్మేవాడంటాడు. మొరియామా గారు మా ఇద్దరి మధ్యకు వచ్చి ఒక పది నయాపైసల బిళ్ళ చేతిలో పెట్టి నమస్కారం చేశారు. అతను చిల్లర ఇవ్వలేదు, ఇంకో సగం కప్పు పోశాడు.

కోట గోడ లోపల

చాందా చుట్టూ గోండు రాజులు కట్టిన కోట గోడ ఇంకా నిలిచే ఉంది. రాజులు పోయి రెండు వందల ఏళ్ళైనా జనం ఇప్పటికీ దర్వాజాల పేర్లతోనే దారి చెబుతారు. మేం దిగింది జట్‌పురా దర్వాజా దగ్గర, నర్సయ్య సేఠ్ కిరాణా కొట్టు మేడ మీద. ఈయన తాతలు కరీంనగరం దిక్కు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఇంట్లో తెలుగు, కొట్లో మరాఠీ, పద్దులో పాత మరాఠీ గొలుసు రాత, మోడీ లిపి. నేను రాసిన ఉత్తరం పోశెట్టికి చదివి చెప్పింది కూడా ఈయనేనట. తెలుగు మాట్లాడటం అందరికీ వచ్చు గానీ చదవడం ఆ వీధిలో ఈయనొక్కడికే వచ్చు.

పొద్దున్నే అటుకుల పోహే పెట్టారు, పైన ఎర్రగా తేలే పులుసు పోసి. నేను పోయొద్దని సైగ చేసేలోపే మొరియామా గారు రెండు చెంచాలు తిన్నారు. కళ్ళ నీళ్ళు కారుతుంటే కూడా రుమాలు తీయలేదు, పళ్ళెం ఖాళీ చేసి చేతులు జోడించారు. మన హైదరాబాదులో కారం ఎక్కువని చెప్పుకుంటాం కదా, చాందా వెళ్ళాక ఆ గొప్ప మానుకున్నాను.

తినడం అయ్యాక నర్సయ్య సేఠ్ నన్ను పక్కకు పిలిచారు.

“జర ఆలస్యంగ వచ్చిండ్రు సారూ. పోశెట్టి సోమవారం నుంచి ఖదాన్ల దిగుతుండు. బొగ్గు పని. మగ్గం కట్టెలకు గిరాకి కూడ చూసుకున్నడు.”

ఆ రోజు శుక్రవారం.  అయినా ఉత్తరం అందింది కదా, రెండేళ్ళ పని వస్తుందని తెలిసీ గనికి ఎలా వెళతాడన్నాను. సేఠ్ నా వైపు వింతగా చూశారు. పని సంగతి ఉత్తరంలో ఎక్కడుంది, రాజు మనిషి వచ్చి బట్ట తీసుకుపోతాడనే ఉంది కదా అన్నారు.

నా ఉత్తరం నాకు అక్షరం అక్షరం గుర్తుంది. మనసులో మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాను. నిజమే. మహారాజు ఉన్నాడు, ఆస్థానం ఉంది, విచ్చేయడం, పరికించడం అన్నీ ఉన్నాయి. అసలు ముక్క ఒక్కటే లేదు. నా అంత తెలివితక్కువవాడు భూమ్మీద ఉండడనిపించింది.

రాజు బట్ట

పోశెట్టి ఇల్లు కోట గోడకు ఆనుకుని ఉన్న నేతగాళ్ళ వాడలో. ఒకప్పుడు ఆ వాడంతా మగ్గాల చప్పుడేనట, ఇప్పుడు ఈ ఒక్క ఇల్లే మిగిలింది. పోశెట్టికి నలభై ఉంటాయి. భార్య లచ్చవ్వ దారం తీస్తుంది. గూళ్ళను బూడిద నీళ్ళలో ఉడకబెట్టి, నాలుగైదు గూళ్ళ పోగులు కలిపి లాగి, మోకాలి పైన ఒత్తి పేనుతుంది. చెయ్యి అలా జారుతుంటే దారం వస్తూనే ఉంటుంది. మన వైపు ఆడవాళ్ళు వత్తులు చేసే తీరే, కాకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

మేం వస్తున్నామని ఇల్లంతా అలికారు. ఇద్దరూ కొత్త బట్టలు కట్టుకున్నారు. ఇత్తడి పళ్ళెంలో, పసుపు కుంకుమల మధ్య బట్ట పెట్టి పోశెట్టి రెండు చేతులా అందించాడు. మొరియామా గారు అంతకంటే కిందికి వంగి అందుకున్నారు. మడత విప్పారు. తేనె రంగు బట్ట, ఇరువైపులా గోపురాల వరసలా అంచు. చివర జానెడు పొడవున వేలాడే కుచ్చు. ఆ కుచ్చు చూడగానే ఆయన మొహం మారింది. గబగబా మగ్గం దగ్గరికి వెళ్ళారు. మగ్గం ఖాళీగా ఉంది.

అర్థమయ్యేలా చెబుతాను. మామూలుగా బట్ట నేయడం అయ్యాక నేతగాడు నిలువు పోగులను పూర్తిగా తీసెయ్యడు. జానెడు తోక మగ్గం మీదే ఉంచి కోస్తాడు. కొత్త పోగులను ఆ తోకకు ఒక్కొక్కటీ ముడివేసి అతుకుతాడు. ఏ పోగు మగ్గానికి వేలాడే ఏ దారపు కన్నులోంచి పోవాలో ఆ తోకే చెబుతుంది. అంచు రహస్యమంతా అందులోనే ఉంటుంది, ఇంకెక్కడా రాసి ఉండదు. ఆ తోకను పోశెట్టి మొత్తం లాగేసి, బట్టకు కుచ్చుగా వదిలేశాడు.

ఎందుకలా చేశావని అడిగాను.

“రాజుకు పోయే బట్టకు మగ్గం మీద తోక ఉంచరాదు సారూ. అదే అంచు ఇంకొకలు కట్టరాదు గద. మా తాతల తాతను గోండు రాజు పిలిపించి ఈ జాగ ఇచ్చిండట. అప్పటి రివాజు. రాజు లేకపాయె, తోక ఉంచుకుంట వచ్చినం. ఎట్లైనా మగ్గం పోతున్నది, ఆఖరు బట్ట రాజుకు పోతున్నదంటే ఆ మర్యాదతోనే పోవాలె అనుకున్న.”

మళ్ళీ ఎక్కించలేవా అన్నాను. గోండు రాజుల కాలంలో ప్రతి బట్టకూ కొత్తగా పోగులు ఎక్కించే పెద్ద పనివాళ్ళు ఉండేవారట. ఆ విద్య వాళ్ళతోనే పోయింది.

“నేను అతికేటోన్నే సారూ. ఎక్కిచ్చుడు నాకు రాదు.”

అప్పుడు రెండేళ్ళ పని సంగతి చెప్పాను. ఉత్తరంలో రాయడం మరచిపోయింది నేనేనని కూడా చెప్పాను. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. పోశెట్టి, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంట అంచున కూలబడ్డాడు. లచ్చవ్వ లోపలికి వెళ్ళింది. ఒక కర్రకు చుట్టిన నిలువు పోగుల కట్ట తెచ్చి భర్త ముందు పెట్టింది. ఇంకో బట్టకు సరిపడా పడుగు, అంచు పోగులతో సహా సిద్ధంగా ఉంది. పోశెట్టి గనికి పోతానన్న రోజు నుంచీ, అతనికి తెలియకుండా తయారుచేసిందట. ఎందుకు చేశావని భర్త అడిగితే, చేతులు ఊరుకోలేదంది.

జరిగిందంతా నేను విడమరిచి చెప్పాను. మొరియామా గారు కోటు విప్పారు. ఆ ప్రయాణంలో కోటు విప్పడం అదే మొదటిసారి. జేబులోంచి భూతద్దం, సంచిలోంచి గళ్ళకాగితం తీశారు. బట్టలో పోగు ఎలా పోయిందో చదివి, దాన్ని తిరిగి మగ్గం మీదికి తీసుకురావడమే తమ ఇంటి పని అన్నారు. రాజుగారు తన తండ్రికి భత్యమిచ్చింది ఇందుకేనట. ఒక్క షరతు పెట్టారు. సోమవారం మధ్యాహ్నం రైలు ఆయన తప్పిపోకూడదు. కలకత్తాలో ఓడ ఉంది.

పోశెట్టికీ సోమవారమే. పొద్దున గని లారీ వస్తుంది. ఆ రోజు ఎక్కకపోతే ఆ చోటు ఇంకొకడికి పోతుంది.

లెక్క తప్పిన అంచు

శుక్రవారం వెలుతురు ఉన్నంతసేపూ ఆయన లెక్కపెట్టారు, నేను కాగితం మీద చుక్కలు పెట్టాను. ఆయన ఆ వైపు, నేను ఈ వైపు కూర్చుని ఉంటే, వాళ్ళ నాన్న పక్కన కూర్చున్న కొత్త పెళ్ళికొడుకు చోటు నాకొచ్చిందనిపించింది.

శనివారం ఎక్కించడం మొదలైంది. వెయ్యికి పైగా పోగులు. నేను వెనక నుంచి ఒక్కో పోగు అందిస్తాను, పోశెట్టి కొక్కెంతో కన్నులోంచి లాగుతాడు, మొరియామా గారు కాగితం చూసి ఏ కన్నో వేలితో చూపిస్తారు. భాషతో పనే లేకపోయింది. మధ్యాహ్నం లచ్చవ్వ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, అన్నం పెట్టింది. రొట్టె చుట్టి నమలడం మొరియామా గారికి చేతకాలేదు గానీ, పచ్చిపులుసన్నం మూడుసార్లు వేయించుకున్నారు. ఉల్లిపాయ ముక్కలు కూడా మిగల్చలేదు. రాజుగారి ఇంటి మనిషి తన పులుసు జుర్రుకున్నాడని లచ్చవ్వ వాడంతా చెప్పింది. సాయంత్రానికి వాకిట్లో జనం చేరారు, ఒకప్పుడు నేత నేసి మానేసినవాళ్ళు. ఎవరూ సలహాలివ్వలేదు. అదే మన ఊళ్ళో అయితే పది మంది లోపలికి వచ్చి పదకొండు రకాలుగా చెప్పేవాళ్ళు.

నడుమ పోగులు ఎక్కించాక ఎడమ అంచు మొదలుపెట్టాం. కాగితం మీద గోపురం సగానికి వచ్చేసరికి అంచు పోగులు అయిపోయాయి. ఇంకా అన్నే చుక్కలున్నాయి.

మొరియామా గారు మళ్ళీ లెక్కపెట్టారు. తన లెక్కలో తేడా లేదన్నారు. నేను ఆ మాట చెప్పగానే, శుక్రవారం నుంచీ బిగబట్టుకున్నదంతా పోశెట్టి భార్య మీద వెళ్ళగక్కాడు. సగమే చేసి ఊరుకున్నావా, ఆఖరుకు గిట్ల నవ్వులపాలు చేస్తివి అన్నాడు. ఇప్పుడు కొత్త దారం తీసి పేనడానికి వారం పడుతుంది. మొరియామా గారు భూతద్దం మూసేశారు. ఇక అయిపోయిందనుకున్నాను. నా ఉత్తరం వల్ల ఒక మగ్గం పోయిందని జీవితాంతం మోయాల్సి వస్తుందనుకున్నాను.

లచ్చవ్వ కోపంగా లేదు. వచ్చి మగ్గం ముందు కూర్చుని, అంచు పోగు ఒకటి తీసి మొరియామా గారి ఎదుట పట్టుకుంది. రెండు వేళ్ళతో దాన్ని పేనిన దానికి ఎదురుగా తిప్పింది. ఆ ఒక్క పోగు మెల్లిగా విడిపోయి రెండైంది.

“అంచుకు నేను రెండు తీసి ఒకటి పేనుత. మా అత్త గట్లనే నేర్పింది. మీ అద్దంల రెండు కనబడ్డయేమో, మా మగ్గం మీద అది ఒకటే.”

నేను జపానులోకి తిప్పి చెప్పనక్కర్లేకపోయింది. ఆయనకు అర్థమైపోయింది. బట్ట ఉతికాక ఆ పేనుడు సడలి, ఒక పోగు అద్దంలో రెండుగా కనిపించింది. ఆయన ప్రతి అంచు పోగునూ రెండుసార్లు లెక్కపెట్టారు. రాజుగారి భాండాగారం బట్టలు ఏళ్ళ తరబడి చదివిన ఇంటి మనిషి, ఈవిడ మోకాలి మీద పేనిన దారం దగ్గర తప్పు చేశారు.

మొరియామా గారు కాగితం పక్కన పెట్టారు. ఆ మట్టినేల మీద మోకాళ్ళమీద కూర్చుని, రెండు అరచేతులూ నేలకు ఆనించి, నుదురు నేలకు తాకేదాకా లచ్చవ్వ ముందు వంగారు. అంతఃపురానికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న చేసే నమస్కారమది అని తర్వాత చెప్పారు. లచ్చవ్వ సిగ్గుతో కొంగు మొహం మీదికి లాక్కుంది. వాకిట్లో జనం నిలబడిపోయారు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. పదిహేనేళ్ళుగా నా చెంప మీద ఉన్న మంట ఆ క్షణంలో తగ్గిపోయింది.  కొట్టినవాడు వేరు, వంగినాయన వేరు. ఆ సంగతి నా బుర్రకు ఎప్పుడూ తెలుసు, నాకు మాత్రం అప్పుడే తెలిసింది.

అంచు చుక్కలన్నీ సగానికి తగ్గించి ఆదివారం పొద్దున మళ్ళీ మొదలుపెట్టాం. పోశెట్టి భార్యకు చాయ్ తనే కాచి తెచ్చాడు. అది వాడలో ఎవరూ చూడనిదట, ఇద్దరు ముగ్గురు నాకు ప్రత్యేకంగా చెప్పారు. సూర్యుడు కోట గోడ వెనక్కి దిగేలోపు ఆఖరు పోగు కన్నులోంచి వచ్చింది.

సోమవారం ఉదయం

తెల్లవారేసరికి మేం అక్కడున్నాం. పోశెట్టి గుంటలోకి దిగాడు. అడ్డపోగు వేసే నాడె చేతిలోకి తీసుకున్నాడు. తాను అతికేవాడు మాత్రమే అన్న భయం ఇంకా పోలేదు. ఎక్కించడంలో తప్పు పోయి ఉంటే పది వేళ్ళ వెడల్పు నేసేసరికి తెలిసిపోతుంది. అటువైపు గని లారీ ఏ క్షణంలోనైనా వస్తుంది.

నేయడం మొదలుపెట్టాడు. ఒక వేలెడు సాదాగా వచ్చింది. రెండో వేలు దగ్గర ఇరువైపులా అంచులో చుక్కలాంటిదేదో కనిపించింది. మూడో వేలుకి అది మెట్టు అయింది. ఇంకొంచెం నేసేసరికి మెట్ల మీద మెట్లు కట్టుకుంటూ ఎడమ వైపు ఒక గోపురం, కుడి వైపు ఒక గోపురం, రెండూ ఒకే ఎత్తులో లేచి నిలబడ్డాయి. వాకిట్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. మొరియామా గారు భూతద్దం తీయలేదు. వేలితో తడిమి చూసి, తల ఊపి, నాతో మూడు ముక్కలన్నారు. అవి అందరికీ వినబడేలా తెలుగులో చెప్పాను. ఇదే, రెండేళ్ళూ ఇలాగే, అన్నారు.

పోశెట్టి నవ్వాడు. అంతలోనే మొహం చిన్నబోయింది.

“కాని సారూ, ఇది అయినంక మళ్ళ మొత్తం గుంజాలె గద. రాజు బట్ట గద.”

 రివాజు వాళ్ళది, రాజు మొరియామా గారివాడు, నేను మధ్యలో మాట మోసేవాణ్ణి. దారం పేనుతున్న లచ్చవ్వ చెయ్యి ఆపలేదు.

“రాజుకు బట్ట ఇద్దాం. పోగులు మగ్గం మీదనే ఉంటయ్.”

ఈసారి తిప్పి చెప్పాను, ఒక్క అక్షరం వదలకుండా.  మొరియామా గారి ఇంట కూడా రాజుగారి బట్ట అయ్యాక మగ్గం ఖాళీ చేయడమే ఆచారమట. ఖాళీ చేసిన మగ్గాలు ఆరు మళ్ళీ ఎక్కలేదట. ఈ బట్టలకు ఆవిడ చెప్పిందే రివాజు, భాండాగారంవాళ్ళకు తాను జవాబు చెప్పుకుంటానన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పదేళ్ళు చిన్నవాడిలా కనిపించారు.

వీధిలో లారీ హారన్ మోగింది. గని కూలీలను చూసే ముకద్దం గుమ్మం ముందుకు వచ్చి, జనాన్ని చూసి ఆశ్చర్యపోయి, పోశెట్టీ అని కేకేశాడు. పోశెట్టి తల ఎత్తలేదు. లచ్చవ్వ లేచి, చేతికంటిన బూడిద కొంగుకు తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

“ఆయన రాడు. పనిల ఉన్నడు.”

లారీ ఎప్పుడు కదిలి వెళ్ళిపోయిందో మాకెవరికీ వినబడలేదు. మగ్గం ఆడుతోంది.